తాత ముఖం తొడుక్కున్న మనవడు

సభకు నమస్కారం.

మన సభల్లో మాట్లాడటానికి లేచినవారు ముందుగా పెద్దలకు నమస్కరించి, ఆ తర్వాతే విషయంలోకి వెళ్లడం ఆనవాయితీ. ముందు వరుసల్లో కూర్చున్న పెద్దలందరికీ నేనూ అలాగే నమస్కరిస్తున్నాను. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది కూడా పెద్దలకు చేసే ఒక నమస్కారం గురించే. మెక్సికో దేశపు పడమటి కొండల్లో, మిచోవాకాన్ అనే రాష్ట్రంలో, పురేపెచా అనే ఆదివాసీ ప్రజల ఊళ్లలో, వయసులో ఉన్న కుర్రవాళ్లు ముసలితాతల ముఖాలు తొడుక్కుని, నడుము వంచి, చేతికర్ర ఊనుకుంటూ వచ్చి ఊరి నడిబొడ్డున చిందేస్తారు. స్పానిష్‌లో దీన్ని దాన్సా దె లోస్ వియెహీతోస్ అంటారు. 'వియెహో' అంటే ముసలివాడు. 'వియెహీతో' అన్నప్పుడు ఆ మాటలోకి కొంత ముద్దు చేరుతుంది, మనం 'ముసలి తాతయ్య' అన్నప్పుడు చేరినట్లు. పురేపెచా భాషలో దీని పేరు తరే వరాకువా, అంటే ముసలివాళ్ల నృత్యం.

పిలుపుల మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పి ముందుకు వెళతాను. పురేపెచా ఊళ్లలో గౌరవనీయుడైన పెద్దమనిషిని 'తాతా' అనీ, పెద్దావిడను 'నానా' అనీ పిలుస్తారు. పదహారో శతాబ్దంలో మిచోవాకాన్‌కు మొదటి బిషప్పుగా వచ్చి ప్రజల అభిమానం పొందిన వాస్కో దె కిరోగా ఇప్పటికీ వారికి తాతా వాస్కోనే. అదే రాష్ట్రంలో పుట్టి 1934 నుంచి 1940 వరకు దేశాధ్యక్షుడిగా పనిచేసిన లాసారో కార్దెనాస్ వారి నోట తాతా లాసారో. ఆకాశంలోని సూర్యుడు కూడా తాతా హురియాతా, చంద్రుడు నానా కుత్సీ. ఈ పిలుపు మొదటిసారి చెవిన పడిన తెలుగువాడికి ఒక్క క్షణం ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఇందులో భాషా బంధుత్వం వెతకవద్దని మనవి. పురేపెచాకు లోకంలో మరే భాషతోనూ చుట్టరికం ఉన్నట్లు రుజువు కాలేదు. పక్కనే ఉన్న అజ్టెక్కుల నహువాతుల్ భాషతో కూడా లేదు. పసిపిల్లల నోట తేలిగ్గా పలికే అక్షరాలతో పెద్దవాళ్లను పిలుచుకునే మాటలు చాలా దేశాల్లో విడివిడిగానే పుట్టాయి. బంధుత్వం లేకపోయినా ఆ మాట వెనక ఉన్న మర్యాద మాత్రం మనకు వెంటనే అర్థమవుతుంది, నాకు అది చాలు.

2020 జనాభా లెక్కల ప్రకారం ఈ భాష మాట్లాడేవారు 1,40,000 మందికి పైగా ఉన్నారు. వారి ఊళ్లు పాత్స్‌క్వారో సరస్సు చుట్టూ, పైన్ అడవుల పీఠభూమి మీద, పదకొండు ఊళ్ల లోయగా పేరుబడిన కన్యాదాలో, సకాపు దగ్గరి చిత్తడి నేలల్లో విస్తరించి ఉన్నాయి. సరస్సు సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉంటుంది, అందుకే అక్కడి పొద్దుటి పూట చలి ఎముకలు కొరుకుతుంది. సరస్సు ఒడ్డున ఉన్న త్సిన్‌త్సున్‌త్సాన్ ఒకప్పుడు వారి రాజధాని. ఆ పేరుకు తేనెపిట్టల వంటి చిన్ని హమ్మింగ్ పక్షులు ఉండే చోటు అని అర్థం. అజ్టెక్కులు ఎన్నిసార్లు దండెత్తినా ఆ రాజ్యాన్ని గెలవలేకపోయారు. 1522లో స్పెయిన్ సేనలు వచ్చాయి, 1530లో చివరి రాజును చంపారు.

ఆ తర్వాత పదేళ్లకు, అంటే 1540 ప్రాంతంలో, ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి స్థానిక పెద్దల నోటివెంట విని రాసిపెట్టిన వృత్తాంతం ఒకటి మిగిలింది. అందులో పెతామూతి అనే ప్రధాన పూజారి కనిపిస్తాడు. ఏడాదికొకసారి జరిగే పెద్ద పండుగలో ఆయన జనం ముందు నిలబడి, తమ పూర్వులు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ కొండలు దాటారో, సరస్సు దగ్గర ఎలా స్థిరపడ్డారో పొద్దుగూకే దాకా చెప్పేవాడు. ఊరి జ్ఞాపకమంతా ఒక పెద్దవాడి గొంతులో ఉండేది. నేను ఈ నృత్యం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందుగా ఆ పెతామూతే గుర్తుకొస్తాడు. ఆయన చేతిలోనూ ఒక కర్ర ఉండేది.

ఇక నృత్యానికి వస్తాను. సరస్సు ప్రాంతంలో, ముఖ్యంగా ఒకప్పుడు దీవిగా ఉండి ఇప్పుడు కట్ట మీదుగా ఒడ్డుతో కలిసిన హరాక్వారో అనే ఊళ్లో, ఆడేవాళ్లు తెల్లటి నూలు లాగూ, చొక్కా వేసుకుంటారు. లాగూ అంచున రంగుదారాలతో కుట్టుపని ఉంటుంది. భుజాల మీద ఉన్ని దుప్పటిలాంటి సరాపే, తల మీద అంచు వెడల్పుగా ఉండే తాటాకు రకపు టోపీ, టోపీ మీది నుంచి జారే రంగురంగుల రిబ్బన్లు. ఆ టోపీలు అల్లడం హరాక్వారో వాళ్ల కులవృత్తి వంటిది, ఇంటింటా అల్లుతారు. చేతిలోని కర్రకు పైన జంతువు తల చెక్కి ఉంటుంది. కాళ్లకు వేసుకునే చెప్పుల అడుగు చెక్కది. ఈ చెక్క అడుగు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

నేను తెచ్చిన ఈ ముఖతొడుగును చూడండి. పాత్స్‌క్వారో ఊరి పెద్ద కూడలిలో కొన్నాను. చేతికి తీసుకుంటే దాదాపు బరువే తెలియదు. మన కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి వాడినట్లే, వాళ్లు కూడా చెక్కడానికి లొంగే తేలికపాటి కర్రను ఎంచుకుంటారు. కొన్నిటిని మట్టితోనూ, మొక్కజొన్న కాండం లోపలి బెండును దంచి ముద్ద చేసిన పదార్థంతోనూ చేస్తారు. ఆ బెండు ముద్ద పని వారి పూర్వులది; పాత్స్‌క్వారో పెద్ద గుడిలోని మేరీమాత విగ్రహం కూడా దానితో చేసిందే. ఈ ముఖం గులాబీ రంగులో ఉంది, నుదుటి మీద మూడు గీతలు, నవ్వుతున్న నోట్లో రెండే పళ్లు. జుట్టు కలబంద జాతి మొక్క నారది. తిప్పి లోపలివైపు చూస్తే ఉలి పడిన గుర్తులు అలాగే ఉన్నాయి. పైన నవ్వు ఎంత నున్నగా ఉందో లోపల అంత గరుకు. కళ్ల దగ్గర సన్నని చీలికలు తప్ప ఏమీ లేవు, వాటిలోంచి చూస్తే ఎదుటివాడి పాదాలు, నేల మాత్రమే కనబడతాయి. ఆడేవాడు నడుము వంచే ఉంటాడు కనుక అతనికి కావలసిందీ అంతే.

ముందుగా వాళ్లు ఒకరి వెనక ఒకరు వరుసగా వస్తారు. నడుము నేలకు సమాంతరంగా వంగి ఉంటుంది, కర్ర వణుకుతుంటుంది, అడుగు తీసి అడుగు వేయడానికి తడబడతారు. ఒకడు దగ్గుతాడు, మరొకడు నడుము పట్టుకుంటాడు. అంతలో వాయులీనం ఎత్తుకోగానే ఆ వణికే కాళ్లు ఒక్కసారిగా నేలను దరువులతో నింపేస్తాయి. నడుము మాత్రం వంగే ఉంటుంది, కర్ర మాత్రం ఊని ఉంటుంది. కింద కాళ్లు పాతికేళ్లవి, పైన వీపు ఎనభై ఏళ్లది. దరువు పతాకస్థాయికి చేరిందనుకున్న క్షణంలో ఒకడు ఆయాసపడి కూలబడతాడు, మిగతావాళ్లు చుట్టూ చేరి, విసిరి, లేవనెత్తుతారు. లేచినవాడు మళ్లీ అందుకుంటాడు. ఇంకొక ఘట్టంలో అందరూ ఒకరి కర్రను మరొకరు పట్టుకుని రైలుబండిలా సాగుతారు. ముందువాడు తూలితే వెనక ఉన్న వరుసంతా తూలుతుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు.

ఆ నవ్వు దగ్గరే చాలామంది పొరబడతారు. ముసలితనాన్ని వెక్కిరించడం ఏమి గౌరవమని నన్ను అడిగినవారున్నారు. నా సమాధానం ఆ కూలబడిన మనిషి దగ్గర ఉంది. వెక్కిరింతే అయితే కూలబడిన చోట ఆట ముగిసిపోవాలి. ఇక్కడ తోటివాళ్లు వచ్చి లేపకుండా ఆట ఒక్క అడుగు ముందుకు సాగదు. పైగా ఆడుతున్న కుర్రవాడికి ముసలితనం బయటి నుంచి చూసిన దృశ్యంగా మిగలదు. అరగంటసేపు నడుము వంచి, మెడ బిగబట్టి, ఊపిరాడని చెక్క ముఖం వెనక ఆడినవాడికి తన తాత నడుము నొప్పి ఎలా ఉంటుందో తన నడుము ద్వారానే తెలుస్తుంది. పెద్దల మీద గౌరవాన్ని ఇంత దగ్గరగా శరీరానికి నేర్పే పద్ధతి మరొకటి నేను చూడలేదు. నవ్వు కూడా ఇంట్లోవాళ్ల నవ్వే. బోసినోటి తాతను చూసి మనవలు నవ్వితే తాత కూడా నవ్వుతాడు కదా, అటువంటిది.

దీని పుట్టుక గురించి రెండు కథనాలు వినిపిస్తాయి. స్పెయిన్‌వాళ్లు రాకముందే కురికవేరి అనే అగ్నిదేవుడి ఆరాధనలో, ముసలి దేవుడికి చేసిన ఆటగా ఇది మొదలైందని ఒక కథనం. ముఖతొడుగు పాలిపోయిన గులాబీ రంగులో ఉంటుంది కనుక, తమను ఏలడానికి వచ్చి ఆ ఎత్తైన చలిప్రదేశంలో ఆయాసపడిన తెల్లదొరలను అనుకరిస్తూ పుట్టిందని మరొకటి. ఈ రెండింటిలో ఒకదాన్ని కొట్టేయవలసిన అవసరం నాకు కనిపించదు. కాలితో నేలను తన్నే సపతెయాదో అనే దరువు, వాయులీనం, గిటారు, ఇవన్నీ స్పెయిన్ ఓడల్లో వచ్చినవే. పండుగల పట్టిక చర్చిది. తాతా అన్న పిలుపు, ఊరిపెద్దకు ఇచ్చే చోటు వారి సొంతం. ఐదు వందల ఏళ్ల చరిత్ర ఒక్క ఆటలో కలగలిసిపోయినప్పుడు ఏ నీరు ఏ ఏటిదో వేరుచేయడం కంటే, ఈనాడు ఆడేవాడు ముఖతొడుగు కట్టుకుంటూ ఎవరిని తలుచుకుంటున్నాడో అడగడం నాకు ఎక్కువ విలువైన పని. అతడు తలుచుకునేది తనకు ఆ అడుగులు నేర్పిన తాతను.

సంగీతం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హరాక్వారో పద్ధతిలో వాయులీనం, గిటారు, గిటారుకు తమ్ముడి వంటి వివేలా, నిలువెత్తు బాస్ వాయిద్యం ఉంటాయి. మిచోవాకాన్ కొండల్లోని పరాచో అనే ఊరు గిటార్ల తయారీకి మెక్సికో అంతటా పేరు పొందింది, ఏటా ఆగస్టులో అక్కడ గిటార్ల జాతర జరుగుతుంది. కనుక తంత్రీవాద్యాలు వారికి ఇంటి వస్తువులే. పురేపెచా సంగీతంలో నెమ్మదిగా సాగే సోన్ అనే నడక ఒకటి, హుషారుగా ఉరికే అబహేన్యో అనే నడక ఒకటి ఉన్నాయి. మొదటిదాన్ని పాశ్చాత్య లెక్కలో 3/8 అనీ, రెండోదాన్ని 6/8 అనీ రాస్తారు. తిస్రగతి తెలిసిన మన తాళజ్ఞులకు ఈ లెక్క కొత్తకాదు. ఆరు మాత్రలను మూడేసి చొప్పున రెండుగా విరిచి ఒక వాద్యం పలుకుతుంటే, రెండేసి చొప్పున మూడుగా విరిచినట్లు మరొకటి ధ్వనించడం, ఆ రెండింటి ఒరిపిడిలోంచి కాలికి ఊపు రావడం మనకూ అనుభవంలో ఉన్నదే.

ఇప్పుడు చెక్క చెప్పుల దగ్గరికి వస్తాను. ఆ వాద్యబృందంలో మద్దెల లేదు, డప్పు లేదు. తాళవాద్యం ఆడేవాళ్ల పాదాలే. రాతి పలకల మీద చెక్క అడుగు పడినప్పుడు వచ్చే ఆ పొడి చప్పుడు, ఎనిమిదిమంది కలిసి వేసినప్పుడు ఒక్కటిగా వినిపించాలి. ఒక్కరు తప్పినా తెలిసిపోతుంది. అందువల్ల ఆడేవాడు వాద్యకారుడు కూడా. హరాక్వారోకు చెందిన తాతా గెర్వాసియో లోపెస్ వంటివారు వాయించడం, స్వరపరచడం, ఆడించడం అన్నీ ఒక్కచేతి మీద నడిపించారంటే ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ విద్యలో వీటిని విడదీయడానికి వీలులేదు.

సరస్సు ప్రాంతపు రూపమే ప్రపంచానికి తెలిసింది గాని, పీఠభూమి మీది ఊళ్లలో ముసలివాళ్ల ఆట వేరుగా ఉంటుంది. శీతాకాలంలో, క్రిస్మస్ మొదలుకొని జనవరి మొదటి వారాల వరకు సాగే పండుగల్లో అక్కడ ముసలివాడితో పాటు మరింగీయా అనే స్త్రీ పాత్ర వస్తుంది, దాన్ని మగవాడే వేస్తాడు. న్యూవో సాన్ హువాన్ అనే ఊళ్లో జనవరి 8న జరిగే కుర్పితెస్ నృత్యం వీటన్నిటిలోకి వైభవమైనది. ఊళ్లోని రెండు పేటలు పోటీపడతాయి, కాలి గజ్జెలు మోగుతాయి, తళుకులు కుట్టిన ఉడుపులు ఎండలో మెరుస్తాయి, ఏ పేట ముసలివాడు, ఏ పేట మరింగీయా బాగా ఆడారో ఊరంతా తేలుస్తుంది. ఈ ఊరి కథ వింటే ఆ పోటీ ఎందుకంత ప్రాణప్రదమో అర్థమవుతుంది. 1943 ఫిబ్రవరి 20న ఒక రైతు మొక్కజొన్న చేలో నేల చీలి పరీకుతిన్ అగ్నిపర్వతం పుట్టింది. మరుసటి ఏడాది దాని లావా పాత సాన్ హువాన్ ఊరిని ముంచెత్తింది, చర్చి గోపురం మాత్రం నల్లటి రాళ్ల మధ్య ఈనాటికీ నిలబడి ఉంది. జనం తమ క్రీస్తు విగ్రహాన్ని భుజాల మీద మోసుకుని నడిచివెళ్లి కొత్త ఊరు కట్టుకున్నారు. ఇళ్లు, చేలు లావా కింద పోయాయి. మోసుకురాగలిగినవాటిలో ఆ విగ్రహం ఒకటి, దాని ముందు ఆడే ఆట ఒకటి.

విప్లవం ముగిసిన తర్వాత 1920లలో మెక్సికో ప్రభుత్వ విద్యావేత్తలు, సంగీతకారులు ఊళ్లు తిరిగి ఆటపాటలను సేకరించినప్పుడు సరస్సు తీరపు ముసలివాళ్ల నృత్యం వారి కంటపడింది. అక్కడి నుంచి రాజధాని రంగస్థలాలకు, బడిపిల్లల వార్షికోత్సవాలకు, పర్యాటక శాఖ బొమ్మలకు ఎక్కింది. 1952లో అమాలియా ఎర్నాందెస్ స్థాపించిన జానపద నృత్యబృందం మెక్సికో ఊరూరి ఆటలను వేదిక కొలతలకు కుదించి దేశదేశాలూ తిప్పాక, ముసలివాళ్ల ఆట అంటే పది నిమిషాల హాస్యఘట్టమని చాలామందికి స్థిరపడిపోయింది. ఇందులో లాభం లేదని అనను. హోటళ్లలో, కూడళ్లలో ఆడి వచ్చిన డబ్బుతో ఎన్నో కుటుంబాలు గడిచాయి. కానీ పండుగ రోజున ఊరివాళ్ల ముందు ఆడినప్పుడు ఏ ముసలివాడి నడకను ఏ కుర్రవాడు అనుకరిస్తున్నాడో చూసేవారికి తెలుస్తుంది. అపరిచితుల ముందు ఆ పరిచయం పోయి, మిగిలేది పొట్ట చెక్కలయ్యే నవ్వు ఒక్కటే. పైన చెప్పిన పొరపాటు అక్కడ పుట్టిందనే నా నమ్మకం.

పాటకు కూడా ఇటువంటిదే జరిగింది. పురేపెచా భాషలో పాటను పిరేక్వా అంటారు, పాడేవారిని పిరేరి అంటారు. ప్రేమ, ఎడబాటు, ఊరి సంఘటన, భక్తి, అన్నీ పిరేక్వాలో చోటు చేసుకుంటాయి, అమ్మాయి పేరు నేరుగా చెప్పకుండా పువ్వు పేరుతో పిలవడం అందులో పరిపాటి. 2010లో యునెస్కో పిరేక్వాను మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. లోకమంతా అభినందించిన ఆ నిర్ణయం మీద పురేపెచా ఊళ్లలోనే అభ్యంతరం లేచింది. తమను, తమ పిరేరిలను సంప్రదించకుండానే తమ పాటను జాబితాకెక్కించారని పలువురు బహిరంగంగా అన్నారు. వారి బాధ న్యాయమైనదని నేను భావిస్తున్నాను. పెద్దల విద్యకు పట్టం కట్టేటప్పుడు ఆ పెద్దల గుమ్మం తొక్కి ఒక మాట అడగడం కనీస మర్యాద, అందులోనూ పెద్దవాడి మాటకు ఇంత విలువనిచ్చే సమాజంలో.

తమంతట తాము చేసుకున్న పనులు వేరే ఉన్నాయి. 1982 నుంచి చెరాన్ ఊరి రేడియో పురేపెచా భాషలో మాట్లాడుతూ, పిరేక్వాలు వినిపిస్తూ ఉంది. 1983లో త్సిన్‌త్సున్‌త్సాన్‌లో మొదలైన పురేపెచా కొత్త సంవత్సర వేడుక ఏటా ఫిబ్రవరి మొదటి రోజుల్లో ఒక్కో ఊళ్లో జరుగుతుంది, అక్కడ పాత అగ్నిని తలుచుకుని కొత్త అగ్ని రగిలిస్తారు. ఏటా అక్టోబరు 17, 18 తేదీల్లో సకాన్ అనే ఊళ్లో జరిగే పోటీకి నలుమూలల నుంచి ఆటగాళ్లు, పాటగాళ్లు, బాజాబృందాలు వచ్చి రాత్రంతా పాల్గొంటాయి. బతుకుతెరువు కోసం కాలిఫోర్నియా పొలాలకు వలసవెళ్లిన కుటుంబాలు అక్కడ కూడా పిల్లలకు ఈ అడుగులు నేర్పుతున్నాయి. పరాయిదేశంలో పిల్లల కాళ్లకు గజ్జె కట్టించిన తెలుగు తల్లిదండ్రులకు ఆ తాపత్రయం వేరే చెప్పనక్కరలేదు.

పాత్స్‌క్వారో కూడలిలో నేను చూసిన బృందంలో అందరికంటే చిన్నవాడికి పదేళ్లుంటాయేమో. ముఖతొడుగు వాడి ముఖానికి పెద్దదై గడ్డం కిందికి జారుతుంటే లోపల తలకు చేతిరుమాలు బిగించి కట్టారు. వాయులీనం వాయించే పెద్దాయన కుర్చీలో కూర్చుని, కళ్లు ఎక్కువగా ఆ పిల్లవాడి పాదాల మీదే ఉంచారు. ఒకచోట వాడు దరువు తప్పాడు. పెద్దాయన వాయించడం ఆపలేదు, తల కూడా ఊపలేదు. తన కుడికాలి మడమతో రెండుసార్లు నేలను గట్టిగా కొట్టారు. పిల్లవాడు ఆ రెండు దెబ్బలు విని వరుసలో కలిశాడు. ఆట అయ్యాక ముఖతొడుగు నుదుటి మీదికి ఎత్తుకుని, చెమటతో తడిసిన ముఖంతో వెళ్లి పెద్దాయన పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆనాడు నేను తీసిన దృశ్యాన్ని ఇప్పుడు ఈ తెర మీద చూపిస్తాను. ఏడు నిమిషాలుంటుంది. దయచేసి ఎవరైనా వెనక దీపాలు ఆర్పండి. మొదట్లో వాయులీనం ఇంకా అందుకోకముందే చెప్పుల చప్పుడు వినిపిస్తుంది, వరుసలో చివర నడుస్తున్నవాడే నేను చెప్పిన పిల్లవాడు.